మూడింట రెండు వంతులు మట్టిపనే
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

రాత్రి డ్యూటీ దిగి, నిద్ర మానుకుని వచ్చినవాళ్లు కూడా మన మధ్య ఉన్నారు. మోటెల్లో, గ్యాస్ స్టేషన్లో, గోదాములో, వంటింట్లో నిలబడి పనిచేసే కాళ్లివి. కూర్చోబెట్టి విసిగించం. చెప్పాల్సింది చెప్పి దిగిపోతాం.

నిర్వాహకులు మాకిచ్చిన విషయం 'పల్లెటూరు, ఇంటి కంప్యూటరు'. వినగానే మా బృందంలో ఒక తమ్ముడు, "ఇది సాఫ్ట్‌వేర్ వాళ్లను పిలిచి చెప్పించాల్సిన ముచ్చట కదన్నా, మనకేం ఎరుక?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబే ఈ ప్రసంగం. మేం సైటు సూపర్‌వైజర్లం. పాలిటెక్నిక్ డిప్లొమా చదివినవాళ్లం. రోడ్డు పక్కన పైపులు వేయించడం, గుంతలు పూడ్పించడం, కాగితాల మీద సంతకాలు తెప్పించడం మా పని. పల్లెకు కంప్యూటరు చేరే దారిలో ఎక్కువ భాగం మా పనీ మీ పనేనని లెక్కలతో చూపిస్తాం.

మిషిగన్ రాష్ట్రంలో ఆన్ ఆర్బర్ అని యూనివర్సిటీ ఊరుంది. ఊరు దాటి కాస్త పోతే వాష్టెనా కౌంటీ పల్లెలు వస్తాయి. ఇంటికీ ఇంటికీ మధ్య పొలాలు, చెట్లు. అక్కడ జారెడ్ మౌచ్ అనే ఆయన ఉంటాడు. పగలు పెద్ద కంపెనీలో నెట్‌వర్కు ఉద్యోగం. అంటే ప్రపంచానికి ఇంటర్నెట్ అందించే పనిలో ఉన్న మనిషి. తీరా ఇంటికొస్తే ఆయనకే మంచి లైను లేదు. టెలిఫోన్ కంపెనీ ఇస్తానన్నది సెకనుకు 1.5 మెగాబిట్ల లైను. మనం ఊరికి వీడియో కాల్ చేస్తే అమ్మ ముఖం గళ్లు గళ్లుగా విరిగిపోతుందే, ఆ బాపతు. ఇంకొక కేబుల్ కంపెనీని అడిగితే, ఆయన ఇంటిదాకా తీగ లాగడానికి 50,000 డాలర్లు అవుతుందంది.

మన ఊళ్లో అయితే ఏం చేస్తాం? నాలుగు తిట్టుకుని ఊరుకుంటాం. ఆయన ఊరుకోలేదు. తనే ఒక చిన్న సంస్థ పెట్టి, రాష్ట్రంలో నమోదు చేయించి, అనుమతులు తెచ్చుకుని, తన ఇంటికీ చుట్టుపక్కల ఇళ్లకూ ఫైబర్ లైను వేయించాడు. ఉద్యోగం మానలేదు. మిగిలిన వేళల్లోనే ఇదంతా. 2021 జనవరి నాటికి 30 ఇళ్ల దాకా కలిపాడు. అప్పటికి అయిన ఖర్చు 1,45,000 డాలర్ల దాకా. అందులో 95,000 దాకా పోయింది ఎవరికి? కంప్యూటర్ల కంపెనీకి కాదు, నేలలో పైపు వేసిన కాంట్రాక్టరుకు.

లెక్క వేయండి. నూటికి అరవై ఐదు. మూడింట దాదాపు రెండు వంతులు మట్టిపనే. ఇంటర్నెట్ ఆకాశంలో ఉంటుందని పిల్లలు అనుకుంటారు. అది ఉండేది నేలలో, అక్కడ పెట్టేది మనలాంటి చేతులు.

ఆ పని ఎట్లా జరుగుతుందో కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాం. అమెరికాలో ఎక్కడ తవ్వాలన్నా ముందు 811కు ఫోన్ చేయాలి. ఆ నంబరుకు చెప్పి, గడువు ఆగితే, నేల కింద ఏమున్నదో రంగులతో గుర్తులు వేసి పోతారు. ఎరుపు కరెంటు, పసుపు గ్యాసు, నారింజ ఫోను తీగలు, నీలం మంచినీళ్లు, ఆకుపచ్చ మురుగు. ఈ ఐదు రంగులు నోటికి రానివాడి చేతికి మేం యంత్రం ఇవ్వం. పసుపు గీత మీద తొందరపడితే పోయేది కూలి కాదు, ప్రాణం.

తర్వాత బోరు మిషన్. రోడ్డును కోయకుండా, తోటలు పాడు చేయకుండా నేల కింద అడ్డంగా దూసుకుపోతుంది. ముందు సన్నని బొక్క. లోపల గోడ కూలకుండా బెంటొనైట్ కలిపిన బురదనీళ్లు. పైన ఒకడు లొకేటరు పట్టుకుని, కింద మొన ఎంత లోతున ఉందో, ఎటు తిరుగుతున్నదో చెబుతూ నడుస్తాడు. మొన అటువైపు తేలాక దానికి పెద్ద రీమర్ కట్టి, దాని వెనక పైపు తగిలించి, వచ్చిన దారినే వెనక్కి లాగుతారు. మౌచ్ వేయించిన పైపు చాలావరకు ఆరడుగుల లోతున పోయింది. గ్యాసు పైపులు, ఇతర అడ్డంకులు వచ్చినచోట ఇరవై అడుగుల దాకా దిగాల్సి వచ్చింది.

పైపు పడ్డాక అందులో ఫైబర్ లాగుతారు. ఒక్కో పోగు తల వెంట్రుక కన్నా కాస్త మందం. దాని నడిమిలో వెలుగు నడిచే దారి వెంట్రుకలో పదో వంతు. రెండు పోగుల కొసలను శుభ్రంగా కోసి, మిషన్లో ఎదురెదురుగా పెట్టి, కరిగించి అతికిస్తారు. దుమ్ము కణం పడితే మళ్లీ మొదటికి. చేతులు వణకకూడదు, ఓపిక ఉండాలి. మన సిరిసిల్లలో తెగిన పోగును చూపుడు వేలు, బొటనవేలు మధ్య పెట్టి కళ్లు మూసుకుని అతికే నేతన్నలను చూసినవాళ్లం మనం. ఈ పని మనవాళ్లకు రాదని ఎవరన్నా అంటే మేం ఒప్పుకోం.

ఇప్పుడు అసలు ప్రశ్న. అంత పెద్ద కంపెనీలు ఆ పల్లెకు ఎందుకు పోలేదు? చెడ్డవాళ్లనా? కాదు, లెక్క కుదరక. 2022లో మౌచ్‌కు ఆ కౌంటీ ద్వారా ప్రభుత్వ నిధులు 26 లక్షల డాలర్లు వచ్చాయి. కరోనా తర్వాత కేంద్ర ప్రభుత్వం స్థానిక సంస్థలకు పంచిన సొమ్ములోంచి వచ్చిన మొత్తమది. దానితో లైను లేని 417 ఇళ్లకు ఫైబర్ అందేలా చూడాలన్నది ఒప్పందం. అందుకు 38 మైళ్లు వేయాల్సి ఉండింది. భాగిస్తే ఇంటికి 6,000 డాలర్ల పైమాటే. 2022లో నెలకు ధర 55 డాలర్లు, వేగం ఎక్కువ కావాలంటే 79. 55 చొప్పున ఏడాదికి 660. అసలు పెట్టుబడి తిరిగి రావడానికే తొమ్మిదేళ్లు దాటుతుంది, అదీ కరెంటు, మరమ్మతు, జీతాలు లెక్కలోకి తీసుకోకుండా. కొన్నిచోట్ల ఒక్క ఇంటి కోసం అర మైలు వేయాల్సి ఉండింది. లాభం చూసుకునేవాడు ఆ ఇంటి దాకా రాడు. పక్కింటివాడు వస్తాడు. ఎందుకంటే ఆ ఇంట్లో ఉన్నవాళ్లు అతనికి పేర్లతో సహా తెలుసు.

మౌచ్‌ను మనం దేవుణ్ని చేయనక్కర్లేదు. ఆయనకు మంచి ఉద్యోగం ఉంది, చేతిలో సొమ్ముంది, ఆ విద్యలో ఆరితేరినవాడు. మన దగ్గర లక్షా నలభై ఐదు వేల డాలర్లు ఎక్కడివి? ఊరికొక మౌచ్ దొరకడు కూడా. మరి ఒక్కడి చేతిలో లేనప్పుడు పల్లె ఏం చేసింది? దానికీ ఈ దేశంలోనే జవాబుంది, పాత జవాబు.

1890ల నడుమ బెల్ టెలిఫోన్ పేటెంట్ల గడువు తీరింది. టెలిఫోన్ పెట్టె ఎవరైనా చేసి అమ్మే వీలు వచ్చింది. అయితే తీగ వేసే కంపెనీలు పట్నాలు దాటి రాలేదు. పశ్చిమాన పశువుల పొలాలకు అప్పటికే మైళ్ల కొద్దీ ముళ్లకంచె ఉంది. రైతులు ఆ కంచె తీగకే ఫోను పెట్టె తగిలించుకున్నారు. వానకు తడిసిన కర్రగుంజ గుండా కరెంటు నేలలోకి దిగిపోకుండా సీసా మెడలు, మొక్కజొన్న బెండ్లు, తోలు ముక్కలు పెట్టి తీగను విడిగా నిలబెట్టారు. ఒకటే తీగ, ఊరందరిదీ. ఎవరికి ఫోనో గంట మోగే తీరును బట్టి తెలిసేది. పొడుగ్గా మోగితే అందరికీ, అంటే మంటలో, తుఫానో, ధరల కబురో. వేరేవాళ్ల మాటలు చాటుగా వినేవాళ్లూ ఉండేవాళ్లు. ఊరంటే అదీ ఉంటుంది. వీళ్లెవరూ ఇంజినీర్లు కారు. కంచె బాగుచేసుకునే రైతులు, సాయంత్రం తీరిక వేళ కుతూహలంతో చేసిన పని అది.

కరెంటు సంగతి ఇంకా పెద్దది. 1930ల నడుమ అమెరికా పల్లెల్లో పదిళ్లలో తొమ్మిదిళ్లకు కరెంటు లేదు. అప్పుడూ కంపెనీలు చెప్పింది ఇదే: మైలుకు ఇళ్లు చాలవు, గిట్టుబాటు కాదు. 1935లో ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టింది, 1936లో చట్టం వచ్చింది. ప్రభుత్వం తక్కువ వడ్డీకి అప్పిచ్చింది. రైతులు సహకార సంఘాలు కట్టారు. చాలాచోట్ల సభ్యత్వం 5 డాలర్లు. రోడ్డు వెంట ఇంటింటికీ తిరిగి సభ్యులను చేర్చిందీ, పొలంలో స్తంభానికి చోటిచ్చిందీ ఊరివాళ్లే. 1950ల నడిమికల్లా దాదాపు అన్ని పొలాల ఇళ్లలో దీపం వెలిగింది. 1949లో ఆ చట్టాన్నే సవరించి పల్లె టెలిఫోన్లకూ అప్పులిచ్చారు. ఇవాళ ఆ కరెంటు సంఘాలు, ఆ ఫోను సంఘాలే చాలా రాష్ట్రాల్లో పల్లెలకు ఫైబర్ వేస్తున్నాయి. కొత్త సంఘం కట్టనవసరం లేకపోయింది. స్తంభం వాళ్లదే, సభ్యుల పుస్తకం వాళ్లదే, నమ్మకం పాతదే.

ఇదంతా అమెరికా కథ, మనకెందుకు అంటారేమో. ఈ పద్ధతి ఏనాడో సముద్రం దాటి మన దగ్గరికి వచ్చింది. కేంద్రంలో 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాక, అమెరికా గ్రామీణ కరెంటు సంఘాల జాతీయ సమాఖ్య సాయంతో దేశం మొత్తం మీద ఐదుచోట్ల నమూనాగా సహకార విద్యుత్ సంఘాలు పెట్టారు. ఆ ఐదింటిలో ఒకటి సిరిసిల్ల. మనం 'సెస్' అంటామే, అదే. 1970 నుంచి పనిచేస్తున్నది. ఊళ్లో మరమగ్గం చప్పుడు చేస్తున్నదంటే, బావి మీద మోటరు నడుస్తున్నదంటే వెనక ఆ సంఘం ఉంది. సెస్ ఎన్నికలు వచ్చాయంటే ఊరూరా ఎంత పోటీ, ఎంత రచ్చ ఉంటుందో తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. రచ్చ ఉంటే ఉండనీ. తమది అనుకున్న దాని మీదే జనం కొట్లాడతారు. పరాయి కంపెనీ డైరెక్టరు ఎవరైతే మనకేంటి?

అంటే మన ఊరికి ఇది కొత్త విద్య కాదు. తీగను ఉమ్మడి ఆస్తిగా నడిపిన అనుభవం యాభై ఏళ్లకు పైగా మన ఇంట్లోనే ఉంది.

ఇప్పుడు మన రాష్ట్రాలు చూడండి. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీళ్ల పైపు కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ పైపు కూడా వేశారు. తవ్వకం ఖర్చే అసలు ఖర్చని తెలిసినవాళ్ల తెలివి అది. ఒకసారి తవ్వు, రెండు పనులు చెయ్యి. ఆంధ్రప్రదేశ్‌లో అసలు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగారు. కోనసీమలో సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో 2016 డిసెంబరులో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చి, స్మార్ట్ గ్రామమని ప్రకటించారు. దాని వెనక కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయం వాళ్ల తోడ్పాటు ఉంది. కేంద్రం చేపట్టిన భారత్‌నెట్ పంచాయతీ ఆఫీసు దాకా తీగ తేవాలని పెట్టిన పథకం.

తీగ పంచాయతీ దాకా వస్తుంది. అక్కడి నుంచి ఇంటి దాకా, ఇంటి నుంచి మనిషి దాకా ఎవరు తెస్తారు? కథ ఆగేది అక్కడే. సైటులో మేం రోజూ చూసేదే ఇది. పెద్ద పైపు వేయడానికి పెద్ద యంత్రాలు వస్తాయి. చివరి ఇరవై అడుగులు మాత్రం పార పట్టుకున్న ఒక్క మనిషి మీద ఉంటాయి.

ఆ మనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. మీ ఊళ్లోనూ ఉన్నాడు, గుర్తు చేసుకోండి. పాత కంప్యూటరు విప్పి మళ్లీ బిగించే పోరడు. ఫోను చెడిపోతే ముందు అతని దగ్గరికే పోతాం. రాత్రి పన్నెండింటి దాకా గదిలో దీపం ఆర్పడు. తండ్రి, "పనికి రాని పని" అని తిడుతుంటాడు. మా మాట ఏమిటంటే, ఊరికి పనికొచ్చే మనిషి అతనే. మౌచ్ కూడా తన ఊరికి అలాంటివాడే, కాస్త పెద్ద స్థాయిలో.

అతని దగ్గర ఒక పని చేసే కంప్యూటరు, ఒక ప్రింటరు, ఆగని లైను ఉంటే మన కుటుంబాలకు ఏం జరుగుతుందో చూడండి. మన తమ్ముడో, బావమరిదో దుబాయి పోవాలనుకుంటున్నాడు. ఏజెంటు వచ్చాడు. ఈ ఏజెంటుకు లైసెన్సు ఉందా లేదా అన్నది కేంద్రం వాళ్ల ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఐదు నిమిషాల్లో చూడొచ్చు. నిబంధనల ప్రకారం ఏజెంటు సేవా రుసుముగా తీసుకోదగింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షలు అడిగేవాడు ఆ ఐదు నిమిషాలకే భయపడతాడు. విదేశంలో జీతం ఇవ్వకపోతే, మనిషి జాడ తెలియకపోతే, రాయబార కార్యాలయానికి ఫిర్యాదు చేయడానికి మదద్ పోర్టల్ ఉంది. అమ్మకు ఎవడో ఫోన్ చేసి పోలీసునని బెదిరించి డబ్బు లాగితే, వెంటనే కొట్టాల్సిన నంబరు 1930. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఇవన్నీ ఉన్నాయి, ఫీజు లేదు. ఊళ్లో నమ్మకమైన ఒకడు పక్కన కూర్చుని చూపించకపోతే మాత్రం మన అమ్మకు అవి లేనట్టే. మనం ఇక్కడ పన్నెండు గంటలు నిలబడి సంపాదించిన సొమ్ము అక్కడ ఒక్క ఫోన్ కాల్‌తో పోతుంది.

ఇక మన సంఘం ముందున్న ప్రతిపాదన. సొంతూళ్ల గ్రంథాలయాలకు, బడులకు కంప్యూటర్లు పంపుదామని కొందరు మిత్రులు అన్నారు. మంచి ఆలోచన, మేం కూడా చందా ఇస్తాం. అయితే సైటు మొదలుపెట్టే ముందు మేం అడిగే ప్రశ్నలు ఇక్కడ కూడా అడగాలి.

మొదటిది, చోటు ఎవరిది? గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది? తాళం సర్పంచి ఇంట్లో ఉంటే సర్పంచి మారిన నాడు గది మూతపడుతుంది. రెండోది, కరెంటు బిల్లు, లైను బిల్లు మొదటి ఏడాది తర్వాత ఎవరు కడతారు? పైసలు పెట్టి కొన్న వస్తువు పోషణ లేక పాడవుతుంది. మూడోది, చూసుకునే మనిషి ఎవరు? ఆ పోరడికి, లేదా ఆ చెల్లెకు, నెలకు ఎంతో కొంత కట్టి ఇవ్వాలి. సరదా ఉంది కదా, ఊరికే చేస్తాడులే అనుకుంటే పెండ్లయ్యే దాకానే చేస్తాడు. నాలుగోది, లెక్క పుస్తకం. వచ్చిందెంత, పోయిందెంత, గోడ మీద అతికించాలి. ఊళ్లో ఎవరైనా చదివి అడగగలగాలి.

ఈ నాలుగింటికి జవాబు ఉన్న ఊరికి ముందు పంపుదాం. ఒక్క ఊరే దొరికితే ఒక్క ఊరికే పంపుదాం. పది ఊళ్లలో పది పెట్టెలు దుమ్ము పట్టే కన్నా ఒక ఊళ్లో ఒక గది రాత్రి ఎనిమిదింటి దాకా తెరిచి ఉండటం మేలు. అది నడిస్తే పక్క ఊరు తనే వచ్చి అడుగుతుంది. కంచె ఫోను కూడా అట్లాగే ఒక పొలం నుంచి ఇంకో పొలానికి పాకింది.

చివరిగా మన పని గురించి ఒక మాట. ఇక్కడ ఫైబర్ పనికి మనుషులు కావాలి. బోరు మిషన్ దగ్గర, లొకేటరు పట్టడానికి, పోగులు అతకడానికి. మన కాగితాలు ఏ పనికి ఒప్పుకుంటాయో ముందు చూసుకోండి, దాన్ని దాటి అడుగు వేయకండి. అనుమతి ఉన్నవాళ్లు ఈ పని నేర్చుకోవచ్చు. అనుమతి లేనివాళ్లు కూడా చూసి తెలుసుకోవచ్చు, తెలుసుకోవడానికి ఏ వీసా అడ్డం రాదు. రేపు ఇంటికి తిరిగి పోయినప్పుడు సంచిలో సబ్బులు, సెంటు సీసాలతో పాటు ఒక పని తెలిసిన చేతులు కూడా తీసుకుపోదాం. మనూళ్లో పంచాయతీ నుంచి వాడకు తీగ రావాల్సిన రోజున, "నేను వేస్తా, ఎక్కడ తవ్వకూడదో నాకు తెలుసు" అని ముందుకొచ్చేవాడు మనలోంచే ఉండాలి.

సభ అయ్యాక తలుపు దగ్గర బల్ల మీద నోటుబుక్కు పెడుతున్నాం. మీ ఊరి పేరు, ఆ ఊళ్లో రాత్రి దీపం ఆర్పని ఆ మనిషి ఎవరో, ఈ రెండూ రాసి పోండి. చందా సంగతి తర్వాత. ముందు మనిషిని రాయండి.